పరీక్ష ఎవరికి?

“వాడు విన్నాడు,” అంది ఆమె, పొయ్యి మీద మరుగుతున్న టీ మీంచి కళ్ళు తిప్పకుండా.

“ఏం విన్నాడు?”

“మీరు నిన్న అన్న మాట. ‘మనవాడు కూడా వాడిలా అయిపోతే?’ అన్నారు చూడండి, అది. మా తమ్ముడు తలుపు దగ్గరే ఉన్నాడు. మంచినీళ్ళ కోసం వచ్చి, అట్నుంచి అటే వెనక్కి వెళ్ళిపోయాడు.”

ఆయన యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. ఇరవై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి. దారిలో ఏది అడ్డొచ్చినా తొణకడని డిపోలో పేరు. ఇప్పుడు మూడో గుండీ రెండో కాజాలో దూర్చేశాడు.

“నేనేం తప్పుగా అనలేదు.”

“తప్పుగా అన్నారని నేనూ అనలేదు. విన్నాడన్నాను.”

వంటింటి పక్కనున్న చిన్న గది తలుపు ఇంకా మూసే ఉంది. మామూలుగా అయితే ఈపాటికి రేడియో మోగుతుండాలి. గడ్డం గీసుకుంటూ దాంతో పాటు తమ్ముడూ కూనిరాగం తీస్తుండాలి. కళ్ళున్న రోజుల్లో కూడా అంత నున్నగా గీసుకోలేదని తనమీద తనే జోకులు వేసుకునే మనిషి. స్కూల్లో లెక్కల మాస్టారు. ముప్ఫయ్యో ఏడు దాటాక చూపు పూర్తిగా పోయింది. ఉద్యోగం మాత్రం పోలేదు. బోర్డు మీద పిల్లలచేత రాయిస్తూ, తను నోటితో లెక్క నడిపిస్తాడు.

“ఆస్పత్రివాళ్ళు రేపు సాయంత్రం రమ్మన్నారు,” అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. “పిల్లాణ్ణి తీసుకెళ్తున్నాను. రక్తం ఇచ్చేసి వచ్చేయడమే.”

“ఇచ్చేసి వచ్చేయడమే అయితే ఇంత గొడవెందుకు? వెళ్ళాలో వద్దో మనం ఇంకా అనుకోలేదు.”

“నువ్వు అనుకోలేదు.”

“సరే, నేను అనుకోలేదు. మందులేని జబ్బుకి పరీక్ష చేయించి ఏం చేస్తారు?”

“జాగ్రత్త పడతాం.”

“అంటే?”

“సైకిలు మాన్పిస్తాం. సాయంత్రం ఆటలు మాన్పిస్తాం. చూపుతో పని లేని చదువేదో చూస్తాం.”

“చూశారా? నా భయమల్లా అదే. వాడి కళ్ళకి ఏదైనా అయ్యేలోపే వాడి కాళ్ళు కట్టేస్తారు మీరు.”

కిందటి వారం ఆమె రక్తం ఫలితం వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళ మాటలన్నీ ఇక్కడికే వచ్చి ఆగుతున్నాయి. కంటి లోపలి పొర మెల్లమెల్లగా అరిగిపోయే జబ్బు. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కచూపు, ఆ తర్వాత ఎదురుగా ఉన్నదీ పోతుంది. దాన్ని తమ్ముడు అనుభవిస్తున్నాడు. ఆమె తన రక్తంలో మోస్తోంది. ఆమెకేమీ కాదు గానీ, కొడుక్కి వచ్చే అవకాశం సగానికి సగం అన్నారు డాక్టరుగారు. కూతురికి రాదు, మహా అయితే తల్లిలాగే మోస్తుంది అన్నారు.

ఇది మీవైపు నుంచి వచ్చింది అని ఆయన ఒక్కసారీ అనలేదు. అనకుండా ఉండటం ఆమెకి వినిపిస్తూనే ఉంది.

“పోయిన వారం సైకిలు తీసుకెళ్ళి స్తంభానికి గుద్దాడు,” అన్నాడు ఆయన. “వీధి మధ్యలో, అంత లావు స్తంభం. ఇంకా ఏం కావాలి నీకు?”

“పన్నెండేళ్ళ మగపిల్లాడు స్తంభానికి గుద్దుకోకపోతే అప్పుడు చూపించాలి డాక్టరుకి.”

“ఏ పరీక్ష?” అని వినిపించింది గుమ్మంలోంచి.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తొమ్మిదేళ్ళ కూతురు, ఒక జడ వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని నిలబడింది. ఈ పిల్ల ప్రశ్నల పుట్ట అని ఎవరో అన్నారట చిన్నప్పుడు. ప్రశ్నలు రాలిపోయి పుట్ట మాత్రం పేరుగా మిగిలింది.

“రాసే పరీక్షా, నోటితో చెప్పేదా?”

“రక్తం తీసేది. అన్నయ్యకి,” అన్నాడు తండ్రి.

“అన్నయ్యకేనా? నాకు లేదా?”

“నీకక్కర్లేదు.”

“అందులో పాసైతే మంచిదా, ఫెయిలైతే మంచిదా?”

తండ్రి తల్లివైపు చూశాడు. తల్లి టీ గిన్నెవైపు చూసింది. టీ పొంగి పొయ్యి మీద పడింది.

అప్పుడు తెరుచుకుంది పక్కగది తలుపు. పిల్లల మావయ్య నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర చంకలో పెట్టుకుని వచ్చాడు. వచ్చి తన కుర్చీలో తను కూర్చున్నాడు.

“టీ పొంగిందంటే ఇంట్లో చర్చ జరుగుతోందన్నమాట,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. “బావా, ఉన్నావా, వెళ్ళిపోయావా?”

“ఉన్నాను. బయల్దేరుతున్నా.”

“ఒక్క నిమిషం కూర్చో. నువ్వెళ్ళకపోతే బస్సెలాగూ కదలదు కదా.”

ఆయన కూర్చోలేదు. కుర్చీ వెనక అంచు మాత్రం పట్టుకున్నాడు.

“నిన్న నువ్వు ‘వాడిలా’ అన్నావే. వాడిలా అంటే ఎలా?”

“అది కాదురా... నేనేదో కంగార్లో...”

“అయ్యో, దెప్పడానికి అడగటం లేదు బావా. ఒట్టు. నిజంగానే తెలుసుకోవాలనుంది. నేనెలా ఉంటానో నేను చూసుకోలేను కదా? చూసేవాళ్ళే చెప్పాలి. రాత్రంతా ఇదే ఆలోచన. ఈ పదేళ్ళలో ఒక్కరినీ అడగలేదేంటి చెప్మా అనిపించింది.”

ఆమెకి అడ్డుపడాలనిపించింది. కానీ తమ్ముడి మొహంలో కోపం లేదు. క్లాసులో వెనక బెంచీ పిల్లాణ్ణి లేపి, నువ్వు ఈ జవాబు ఎలా తెచ్చావో చెప్పు నాన్నా అని అడిగేటప్పుడు ఉండే మొహం అది.

ఆయన తప్పు పెట్టుకున్న గుండీ విప్పి, సరైన కాజాలో పెట్టుకున్నాడు.

“నువ్వు ఈ ఇంటికి వచ్చిన మొదటిరోజు,” అన్నాడు చివరికి, “వసారాలోంచి నీ గది దాకా గోడ పట్టుకుని నడిచావు. పట్టుమని పది అడుగులు కూడా ఉండదది. మధ్యలో ఒకచోట గోడ అయిపోతుంది చూడు, అక్కడ చెయ్యి గాల్లోకి పోయింది. అప్పుడు ఆగిపోయావు. నేను వెనకే ఉన్నా. సాయం పట్టాలని కూడా తోచలేదు. మా వాడు అలా ఆగిపోవడం నేను చూడలేనురా.”

“ఓహో,” అన్నాడు మావయ్య. “అదా. నేను దాన్ని చూడలేదు కాబట్టి నాకంత బాధనిపించలేదు.”

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. టోపీ తీసుకుని, టీ తాగకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

“మావయ్యా, గోడ అయిపోయిన చోట ఇప్పుడేం చేస్తావు?” అని అడిగింది పుట్ట.

“ఇప్పుడా? అక్కడ మీ అమ్మ బీరువా పెట్టించింది,” అన్నాడు మావయ్య.

* * *

వాళ్ళ వాటా ఉన్న మేడకే కింద, వీధివైపు, ఆమె నడిపే లాండ్రీ. మధ్యాహ్నం వేళ అక్కడ ఆవిరి తప్ప గాలి ఉండదు. పైన కడ్డీకి వేలాడే కోట్లు, మడతలు పెట్టిన దుప్పట్లు, మెడకి నంబరు బిళ్ళలు కట్టించుకుని వరసగా కూర్చున్న చొక్కాలు.

స్కూలు వదిలాక తమ్ముడు వచ్చి, బల్ల పక్కన స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. ఆమె ఇస్త్రీ చేస్తూనే ఉంది.

“ఒకటి అడగనా?” అంది.

“పొద్దున్నుంచి నువ్వు అడుగుతావనే ఎదురుచూస్తున్నా.”

“నీకు పన్నెండేళ్ళప్పుడే ఎవరైనా చెప్పుంటే? ఇలా జరుగుతుందని. బాగుండేదా?”

“బాగుండేది,” అన్నాడు వెంటనే. ఆ వెంటనే, “ఏమో, లేదేమో,” అన్నాడు.

“రెండూ ఎలా కుదురుతాయిరా?”

“చెప్తా విను. చిన్నప్పుడు నా పేరేంటి? అజాగ్రత్త. సాయంత్రం బంతాటలో బంతి నా పక్కనుంచే పోయేది, పట్టేవాణ్ణి కాదు. ఆటల మాస్టారు అందరిముందూ గుడ్డోడా అని అరిచేవాడు. పాపం, ఆయనకీ తెలీదు, నిజమే చెబుతున్నానని. సినిమాహాల్లో ఒకసారి ఎవరి ఒళ్ళోనో కూర్చున్నా. ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా నేను బుద్ధిలేనివాణ్ణనే అనుకున్నా అక్కా. కళ్ళ సంగతి అని తెలిసిన రోజు ఏడుపొచ్చింది, నిజమే. కానీ దాంతో పాటే ఇంకోటి కూడా వచ్చింది. అమ్మయ్య, నాకు బుద్ధి ఉందన్నమాట, అని.”

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

“మరి వద్దనడానికి కారణం?”

“తెలిసుంటే అమ్మ నన్ను సైకిలెక్కనిచ్చేదా? స్నేహితులతో కొండలెక్కనిచ్చేదా? ఆ సూర్యోదయాలు, ఆ తిరుగుళ్ళు, అన్నీ ఏ భయమూ లేకుండా చూశాను. చివరిసారి చూస్తున్నానని తెలిసి చూసుంటే అలా కనిపించేవి కావు.”

“అమ్మకి తెలుసంటావా?” అంది ఆమె, ఉన్నట్టుండి.

“ఏం తెలుసు?”

“నిన్నెప్పుడూ అనేది గుర్తుందా? చీకటి పడకముందే ఇంటికి రా నాన్నా, అని. నీ ఒక్కడితోనే అనేది. నేను ఎప్పుడొచ్చినా పట్టించుకునేది కాదు. నాకెంత ఉక్రోషంగా ఉండేదో. ఆడపిల్లని నేను, నా గురించి బెంగ లేదు, మగపిల్లాడి గురించి బెంగ, ఇదెక్కడి చోద్యం అనుకునేదాన్ని.”

తమ్ముడు కర్రని రెండు చేతుల మధ్య నెమ్మదిగా తిప్పుతున్నాడు.

“అక్కా, అమ్మకి ఒక అన్నయ్య ఉండేవాడు కదా? కాలవలో పడి పోయాడే.”

“తాగుబోతు మావయ్య.”

“ఆయనే. అమ్మ ఏమనేది ఆయన గురించి?”

ఆమె గుర్తు తెచ్చుకుంది. తల్లి ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో ఎవరూ చెవిన పెట్టని మాట. “మా అన్నయ్య చుక్క ముట్టేవాడు కాదర్రా,” అనేది. సాయంత్రమయ్యేసరికి వీధిలో తూలుతూ, గోడలు రాసుకుంటూ వచ్చేవాడట. ఊరంతా చూసింది. చుక్క ముట్టకుండా ఎవడు తూలుతాడు? అన్నని వెనకేసుకొస్తోంది పిచ్చిది, అని నవ్వుకునేవాళ్ళు.

“సాయంత్రమయ్యేసరికే,” అంది ఆమె, మెల్లగా.

“పగలెప్పుడూ తూలలేదు.”

“ఓరి దేవుడా. ఆయన తాగుబోతు కాదు.”

“ఆయనకి కనపడలేదు,” అన్నాడు తమ్ముడు.

చచ్చిపోయి ఎన్నో ఏళ్ళయిన, తాము ఎన్నడూ చూడని ఒక మనిషి ఆ ఆవిరి మధ్యకి వచ్చి నిలబడినట్టు అనిపించింది ఆమెకి. ఆయన్ని తాగుబోతన్నవాళ్ళలో తనూ ఉంది. అమ్మకి జబ్బు పేరు తెలీదు. కానీ అన్న నడక చూసింది, కొడుకు నడకా చూసింది. రెండూ కలిపి చూసుకుంది. ఎవరితోనూ అనలేక, చీకటి పడకముందే రా అని మాత్రం అంది.

తలుపు తోసుకుని ఒకావిడ వచ్చి, తెల్లకోటు ఒకటి బల్లమీద పరిచింది. జేబు కింద అరచేతంత సిరా మరక.

“పోతుందా అమ్మా?”

“ప్రయత్నిస్తానండీ. మాట మాత్రం ఇవ్వలేను.”

ఆవిడ వెళ్ళాక తమ్ముడు లేచి నిలబడ్డాడు.

“ఇంతకీ పరీక్ష చేయించమంటావా, వద్దంటావా?” అంది ఆమె. “ఒక్క మాట చెప్పరా. నిన్నడిగితే తేలుతుందనుకుంటే ఇంకా చిక్కుపెట్టావు.”

“లెక్కల్లో అయితే తెలియనిదానికి ఏదో ఒక అక్షరం పెట్టుకుని ముందుకి పోతాం. ఇక్కడ ఆ సౌకర్యం లేదు,” అన్నాడు. “అవునూ, మీ మొగుడూపెళ్ళాలు ఇన్నాళ్ళుగా కొట్టుకు చస్తున్నారు కదా. వాణ్ణి అడిగారా?”

“చిన్నపిల్లాణ్ణి ఏమని అడుగుతాం?”

“పోనీ, స్తంభానికి ఎందుకు గుద్దావురా అనైనా?”

* * *

సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి అందరూ ముందుగదిలోనే ఉన్నారు. పొడుగోడు అని స్కూలంతా పిలిచే కొడుకు, సోఫాలో కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక ముడుచుక్కూర్చున్నాడు. ఏదో విచారణ జరగబోతోందని వాడికి అర్థమైపోయింది.

ఆమె నేరుగా అడిగేసింది. “ఆ రోజు స్తంభం కనిపించలేదా నీకు?”

వాడు తండ్రివైపు, మావయ్యవైపు, మళ్ళీ తల్లివైపు చూశాడు.

“తిట్టరు కదా?”

“చెప్పు.”

“కళ్ళు మూసుకున్నాను.”

“ఏంటీ?”

“కళ్ళు మూసుకుని తొక్కాను. కొంచెం దూరమే. మావయ్యకి ఎలా ఉంటుందో చూద్దామని.” వాడి చెవులు ఎర్రబడ్డాయి. “మీరిద్దరూ వంటింట్లో మాట్లాడుకోవడం విన్నాను. నాకూ రావచ్చు అన్నారు కదా. సరే ఎలా ఉంటుందో ముందే తెలుసుకుందామని...”

అంతలో మావయ్య పకపకా నవ్వడం మొదలుపెట్టాడు.

“ఒరేయ్ వెధవా, కళ్ళు లేనివాడెవడూ సైకిలు తొక్కడురా! అదే మొదటి పాఠం!”

దాంతో తండ్రికీ నవ్వొచ్చేసింది. పొద్దున సగంలో ఆగిపోయిన నవ్వు కూడా కలిసి వచ్చినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. వారం రోజులుగా బిగుసుకుపోయిన భుజాలు దిగాయి. ఆమె చూస్తుండగానే ఆయన కొడుకు తలమీద మొట్టికాయ వేసి, ఆ చేత్తోనే జుట్టు నిమిరాడు.

“అయితే అన్నయ్యకేం లేనట్టేనా?” అంది పుట్ట.

“అలా చెప్పలేమే,” అంది తల్లి. “స్తంభం సంగతి తేలింది, అంతే. మిగతాది రక్తం చెప్పాలి.” అని కొడుకువైపు తిరిగింది. “నువ్వు చెప్పు. నీకు తెలుసుకోవాలనుందా?”

తండ్రి అడ్డురాలేదు. అదే ఆమెకి పెద్ద ఆశ్చర్యం.

పొడుగోడు ముడుచుకున్న కాళ్ళు చాపుకున్నాడు. “ఉంది,” అన్నాడు. “కానీ రేపు కాదు. వచ్చే వారం స్కూల్లో సైకిల్ పోటీ ఉంది, అది అయ్యాక. ముందే తెలిస్తే మీరు పంపరుగా.”

తండ్రి కిటికీలోంచి వీధిలోకి చూశాడు. దీపాలు వెలిగే వేళ. కిందనుంచి ఏదో బస్సు హారను కొడుతూ వెళ్ళింది.

“పోటీ అయ్యాకే వెళ్దాం,” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. “పొద్దున్నే ఫోన్ చేసి చెప్తాను.”

ఆమెకి ఒళ్ళంతా తేలికపడింది. గెలిచినట్టు లేదు. ఎన్నాళ్ళ నుంచో ఎదురుగా నిలబడి తోసుకుంటున్న మనిషి తన పక్కకి వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో, అలా ఉంది. ఆయన కోసం వెంటనే ఏదైనా చెయ్యాలనిపించింది.

“రేపటి మీ చొక్కా ఇస్త్రీ చేసి కిందే మర్చిపోయాను,” అంది. “పుట్టా, బల్లమీద మడతపెట్టి ఉంది. ఒక్క పరుగున వెళ్ళి తేమ్మా. ఇదిగో తాళం.”

“అన్నయ్య కూడా రావాలి.”

“చొక్కా తేవడానికి ఇద్దరెందుకు?”

“మెట్ల దగ్గర బల్బు పోయిందిగా.”

“దీనిదెప్పుడూ ఇంతేనమ్మా,” అన్నాడు పొడుగోడు విసుగ్గా. “చీకటి పడితే చాలు, నా చొక్కా వెనక పట్టుకుని దిగుతుంది. కాలర్ సాగిపోతోంది.”

“భయమేంటే నీకు? ఇంత పెద్దదానివయ్యావు,” అన్నాడు తండ్రి, ఇంకా ఆ నవ్వుమొహంతోనే.

“నాకు భయమేం లేదు,” అంది పుట్ట, రోషంగా. “కనపడదని. చీకట్లో ఎవరికి కనిపిస్తుంది?”

“నాకు కనిపిస్తుంది,” అన్నాడు పొడుగోడు.

“అబద్ధం.”

“అబద్ధం ఎందుకు? మెట్లు కనిపిస్తాయి. పక్కింటివాళ్ళ చెప్పులు కూడా కనిపిస్తాయి.”

పుట్ట అన్నవైపు కళ్ళు పెద్దవి చేసి చూసింది. గొప్పలు పోతున్నాడా, నిజమే చెప్తున్నాడా అని. తర్వాత తండ్రివైపు తిరిగింది. “నాన్నా, నీకూ కనిపిస్తాయా? చీకట్లో మెట్లు?”

తండ్రి మొహం మీది నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

మావయ్య చేతిలో తిరుగుతున్న కర్ర ఆగింది.

ఆమెకి డాక్టరుగారి గది గుర్తొచ్చింది. ఆడపిల్లలకి రాదు అని ఆవిడ అన్నట్టే ఆమెకి గుర్తు. ఇన్నాళ్ళూ అలాగే గుర్తు పెట్టుకుంది. ఇప్పుడు చెవులు రిక్కించి మళ్ళీ వింటే, ఆ మాటకి ముందు ఇంకో మాట ఉంది. సాధారణంగా. ఆడపిల్లలకి సాధారణంగా రాదమ్మా, అన్నారావిడ.

“పద, నేనొస్తాను,” అంది. గొంతు మామూలుగానే ఉండేలా చూసుకుంది. “మనిద్దరం వెళ్దాం.”

గుమ్మం దాటి, మెట్ల మలుపు దాకా వెళ్ళి ఆగింది. అక్కడ బల్బు లేదన్న మాటే గానీ కిటికీలోంచి సాయంత్రపు వెలుతురు ఇంకా కొంచెం ఉంది. మెట్లు కనిపిస్తున్నాయి. పట్టుకుని దిగే కమ్మీ కనిపిస్తోంది. పొడుగోడు చెప్పినట్టే, పక్కింటివాళ్ళ చెప్పులూ కనిపిస్తున్నాయి, ఒకటి తిరగబడి. వెనక గుమ్మంలో తమ్ముడు వచ్చి నిలబడ్డ చప్పుడయింది.

పుట్ట ఆమె చీర కొంగు గట్టిగా పట్టుకుని ఉంది.

“ఒక ఆట ఆడదామా?” అంది ఆమె. కొంగు మెల్లగా విడిపించుకుని, ఒక మెట్టు దిగి, పిల్ల మొహానికి ఎదురుగా చెయ్యి చాపింది. మూడు వేళ్ళు. తన వేళ్ళు తనకి స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఉంగరంతో సహా. “ఎన్ని వేళ్ళో చెప్పు.”

“సరే. పెట్టు.”

“పెట్టాను.”

పుట్ట కిసుక్కున నవ్వింది. రెండు చేతులూ ముందుకి చాపి, తల్లి చేతికి ఇటూ అటూ గాల్లో తడిమింది.

“ఎక్కడా? నువ్వసలు చెయ్యి పెట్టావా, ఉత్తినే అంటున్నావా?”